పెద్ద కారులో పెళ్లి పిలుపులు

2017 నవంబరు 9, గురువారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నరసన్నపేటలో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాం. మొత్తం ముగ్గురం. బండి నడిపేది మా డ్రైవరు సింహాచలం, పక్క సీట్లో మా అబ్బాయి ప్రసాదు, వెనక సీట్లో నేను. నా ఒడిలో వెండి కుంకుమ బరిణె, పసుపు పూసిన నలభై శుభలేఖలు.

మా మనవరాలు హైమ పెళ్లి అదే నెల 29న. మా ఇళ్లలో పెళ్లికి ఫోనులో పిలిస్తే పిలుపు కాదు. ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లి, ఇల్లాలికి బొట్టు పెట్టి, శుభలేఖ చేతికివ్వాలి. మొదటి పిలుపు ఇంటి పెద్ద ఆడపడుచుకే. ఆమెను పిలిచాక ఒక రాత్రి గడవాలి, మర్నాడు మనమే వెళ్లి ఆమెను తీసుకురావాలి. అలా వచ్చిన ఆడపడుచు పసుపుకొమ్ముల మీద రోకలితో మొదటి పోటు వేస్తే పెళ్లి పనులు మొదలైనట్టు. మా ఆయన అక్కగారు నరసమ్మ వదిన చీపురుపల్లిలో ఉంటుంది. నాకు డెబ్భై రెండు, ఆమెకు డెబ్భై ఏడు. మా ఇంట్లో నేను చూసిన పెళ్లిళ్లు పదకొండు. పదకొండింటికీ మొదటి పోటు ఆమెదే. ఈసారి పసుపు కొట్టే ముహూర్తం పదో తేదీ, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు. అందుకని గురువారం పిలిచి, శుక్రవారం మధ్యాహ్నం ఆమెను ఎక్కించుకుని రావాలన్నది లెక్క.

ప్రయాణానికి ఇంకో పని కూడా జత అయింది. మేం ఎక్కిన కారు మాది కాదు.

మా కారు 2008లో కొన్న తెల్లని ఏడు సీట్ల బండి. విజయనగరంలో ఒక కాంట్రాక్టరు, ప్రసాదు దగ్గర పప్పులు కొనే మనిషి, తన పెద్ద కారు అమ్ముతానన్నాడు. జర్మనీ కంపెనీది, రెండేళ్లు వాడినది. ధర ముప్పై ఒక్క లక్షలు. మా బండికి మూడు లక్షలు కట్టాడు. తక్కిన ఇరవై ఎనిమిది లక్షలకు బైపాసు పక్కన నా పేరున ఉన్న స్థలం అమ్మాలి. అంటే సంతకం నాది. ప్రసాదు నన్ను బతిమాలలేదు. "అమ్మా, ఎడ్లను కొనే ముందు నాగలికి కట్టి సూడరా? ఈ బండిని మన పిలుపులకే కట్టి సూద్దాం. తిరిగొచ్చినాక నీ మాట సెప్పు" అన్నాడు. మా బండి కాంట్రాక్టరు ఇంట్లో, ఆయన బండి మా ఇంట్లో. రెండు రోజులు.

ఇంటి ముందు

నేను కుట్టుపని టేపుతో దాన్ని కొలిచాను. వెడల్పు ఆరడుగుల ఆరు అంగుళాలు, పక్క అద్దాలు తెరిస్తే ఏడడుగుల ఒక అంగుళం. మా పాత బండికంటే ఎనిమిది అంగుళాలు ఎక్కువ. తలుపు తీయగానే కింద నుంచి ఒక మెట్టు దానంతట అదే బయటికి వచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా మోకాళ్లు పదేళ్లుగా బండి ఎక్కడానికి ఒకరి భుజం అడుగుతున్నాయి. ఆ రోజు ఎవరి భుజమూ పట్టుకోకుండా ఎక్కాను.

తలుపు వేసుకోగానే వీధి నిశ్శబ్దమైపోయింది. ఎదురింటి పాలవాడి నోరు కదులుతోంది, మాట లేదు. పైన కప్పంతా అద్దం. తల ఎత్తితే కొబ్బరి మట్టలు, వాటి మీద ఆకాశం. ప్రసాదు ఏదో నొక్కితే సీటు లోపల నుంచి పది వేళ్లు నా నడుం పట్టడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఆ పని చేయడానికి వారానికి రెండుసార్లు ఒకామె వస్తుంది. ఆమె మంచిదే గానీ మాటలెక్కువ.

టోల్‌గేటు దగ్గర నేను గమనించిన విషయం: మా పాత బండికి ఎంతో దీనికీ అంతే.

గోగు నానబెట్టిన చెరువు

శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద నుంచి వెళ్తుంటే నది ఇసుక మధ్య మూడు పాయలుగా కనిపించింది. ఈ వంతెన నేను వందసార్లు దాటి ఉంటాను. పిట్టగోడకు పైనుంచి నదిని చూడటం అదే మొదటిసారి, అంత ఎత్తులో ఉంది సీటు. ఇన్నేళ్లూ నేను దాటింది గోడనే.

హైవే వదిలి లోపలి రోడ్డు పట్టాక రెండు పక్కలా కోతకొచ్చిన వరి. ఒక ఊరి బయట ప్రసాదు ఫోను మాట్లాడటానికి బండి ఆపించాడు. పక్కన చెరువులో గోగు కట్టలు నానుతున్నాయి. ఆడవాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడి నార తీస్తున్నారు. మా వైపు రాని వారికి చెప్పాలి: నానిన గోగు వాసన అరమైలు దూరానికే ముక్కు పట్టిస్తుంది. కళ్లు మూసుకున్నా ఏ ఊరొచ్చిందో ఆ వాసనను బట్టి చెప్పగలను. ఈ బండిలోకి అది రానేలేదు.

ఒకామె గట్టెక్కి మా బండి దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నల్లటి అద్దంలో లోపలివాళ్లు కనపడరు. నా కిటికీలో ఆమె తన ముఖం చూసుకుంది. తడి చేతిని కొంగుకు తుడుచుకుని, జారిన బొట్టు సరిచేసుకుంది. చెవి వెనక నారపోగు తీసేసుకుంది. ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుని, తనకు తానే కాస్త నవ్వుకుంది. నాకూ ఆమెకూ మధ్య జానెడు. ఒక మనిషి ఎవరూ చూడటం లేదనుకుని తన ముఖాన్ని అంత ఆప్యాయంగా చూసుకోవడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ప్రసాదు ఫోను ముగించి, ఆమెను గమనించక నా పక్క అద్దం దించాడు. వాసన గోడలా లోపలికి వచ్చింది.

"ఓలమ్మా, లోపల మనుసులున్నారేటి" అంది ఆమె. సిగ్గుపడింది గానీ కదల్లేదు. "ఎంతేటమ్మా ఈ బండి?"

"ముప్పై ఒక్క లక్షలు."

"మాకు రోజుకి రెండొందలు. ఎన్నాళ్లు సేస్తే వస్తాది?"

అడిగింది కదా అని లెక్క కట్టి చెప్పాను. ఏడాదికి మూడొందల రోజులు పని దొరికితే యాభై ఒక్క సంవత్సరాల ఎనిమిది నెలలు.

ఆమె చెరువు వైపు తిరిగి కేకేసింది. "ఒసే అప్పలమ్మా, యాభై రెండేళ్లు నీట్లో నిలబడితే కారొస్తాదంటే. నువ్వు సగం నిలబడతావేటి?"

"డ్రైవరెవులే?" అని నీళ్లలోంచి జవాబు వచ్చింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సింహాచలం.

ఆ పక్కనే పాకలో ఇడ్లీ తిన్నాం. నాలుగు ఇడ్లీలు ఇరవై రూపాయలు. మా ఊళ్లో ఇరవై ఐదు. చట్నీలో కొబ్బరి తక్కువ, అల్లం ఎక్కువ. ముసురు రోజుల్లో బాగుంటుంది.

చీపురుపల్లి సందు

తొమ్మిదీ ముప్పై ఐదుకు చీపురుపల్లి చేరాం. బొట్టు పెట్టడానికి మంచి సమయం పదీ ముప్పై రెండు దాకా. ఆ తర్వాత వర్జ్యం. వదిన ఇల్లు బజారు వెనక సందులో, చివర నుంచి రెండోది. సందు మొదట్లో కాలువ మీద రాతిబండ ఉంటుంది. దాని మీదుగా ఏ కారూ పోదు. మా పాత బండీ ఎప్పుడూ అక్కడే ఆగేది. అక్కడి నుంచి ఇంటికి నా అడుగులు రెండు వందల పన్నెండు.

"అమ్మా, ఇంకా గంట టైముంది. ముందు అత్తకి బండి సూపిద్దాం. గరివిడి దాకా ఓ సుట్టు తిప్పి తెచ్చి, అప్పుడు ఇంటికెళ్లి బొట్టెడుదువు గాని. ఫోన్ సేసి రమ్మంటాను" అన్నాడు ప్రసాదు.

నేను సరే అన్నాను. నడుం మీద పది వేళ్లు ఇంకా పని చేస్తున్నాయి.

వదిన ఉతికిన నేత చీరలో, చేతికి శనగపిండి ఆరకుండానే వచ్చింది. మెట్టు బయటికి రాగానే ఆగిపోయింది.

"ఏటే సత్యవతీ, ఇదేటిది, కాలికి పీట ఏస్తన్నాది?"

"ఎక్కు వదినా."

"కాళ్లు కడుక్కోనేదే" అంటూనే ఎక్కింది. కూర్చుని సీటును అరచేత్తో రాసింది. అద్దపు కప్పు చూసి మెడ ఎత్తింది, మళ్లీ దించలేదు. నడుం వేళ్లు మొదలవగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి కళ్లు మూసుకుని అంది, "డెబ్భై ఏడేళ్లు బతికినందుకు ఇదొగటి దక్కినాది."

పేలాల రంగు మబ్బులు మా నెత్తి మీదుగా వెనక్కి పోతున్నాయి. ఇద్దరం చిన్నపిల్లల్లా పైకి చూస్తూ కూర్చున్నాం. పెళ్లయిన కొత్తలో ఈ వదిన అంటే నాకు వణుకు. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ ఒకే సమయంలో ఒకే వస్తువు చూసి నోరు తెరిచే అవకాశం రాలేదు.

రైలు గేటు

గరివిడి చూసి వెనక్కి తిరిగేసరికి పదీ పన్నెండు. గేటు పడింది. గూడ్సు బండి. ఎత్తు మీద నుంచి చూస్తే ఒక్కో పెట్టెలో నల్లని ఖనిజం కుప్పలు, కుప్పల మీద పొద్దుటి మంచు తడి మెరుస్తోంది. వదిన నేను కలిసి యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాం. అది పోయాక గేటు లేవలేదు. అటు నుంచి ఇంకొకటి వస్తోందన్నారు.

పదీ ఇరవై ఆరు. ఇంక ఆరు నిమిషాలే. నేను టైముకు చేయని పని నా జీవితంలో లేదు. బరిణె తెరిచి, "వదినా, ఇటు తిరుగు" అన్నాను. బొట్టు పెట్టి, శుభలేఖ, రవికల గుడ్డ చేతిలో పెట్టాను. "హైమ పెళ్లికి నువ్వు రావాల, మొదటి పోటు నువ్వు ఎయ్యాల" అన్నాను. సరిగ్గా అప్పుడు రెండో బండి దాటి గేటు లేచింది, సింహాచలం బండి కదిపాడు, చిటికెడు కుంకుమ సీటు మీద పడింది. ప్రసాదు కంగారుగా తుడిచాడు. వదిన శుభలేఖను ఒడిలో పెట్టుకుంది.

సందు దగ్గర దింపినప్పుడు అడిగింది. "ఇంట్లోకి రాయే. కాపీ తాగి ఎల్దువు."

"వర్జ్యం వచ్చేసింది వదినా. రేపు ఎలాగూ వస్తాం కదా" అన్నాను. నేను సీట్లోంచి లేవలేదు. ఆమె కాలువ బండ దాటి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లింది. తలుపు దానంతట అదే మెత్తగా మూసుకుంది.

వర్జ్యం పోయాక గరివిడిలో మూడు ఇళ్లు పిలిచాం. రాత్రి అక్కడే, మా పిన్ని కూతురింట్లో పడక. కార్తీక మాసం కనక ఉల్లి లేని వంట. ఆవ పెట్టిన కందకూర, మెంతి పులుసు. మేం ఆవ నూరి కలుపుతాం. ఆమె ఆవపిండికి కొంచెం బెల్లం కూడా కలుపుతుంది. నేను రెండోసారి వేయించుకున్నాను.

విజయనగరం

శుక్రవారం ఉదయం విజయనగరంలో తొమ్మిది ఇళ్లు పిలవాలి. రెండు అయ్యాయి. మూడో ఇంటికి వెళ్లే ఇరుకు సందులో మిరపకాయ బస్తాల ఆటో ఒకటి ఎదురొచ్చి, ఎడమ పక్క అద్దాన్ని విరగ్గొట్టింది. ఆటోవాడు దిగి, విరిగిన అద్దాన్ని ఏరి రెండు చేతులతో ప్రసాదుకు ఇచ్చాడు. "బాబూ, సందేమో నా ఆటోకి సరిపడా, బండేమో మీది. ఏటి సెయ్యమంటారు?" అన్నాడు.

మూడో ఇల్లు మా ఆయన పినతండ్రి కొడుకుది. అతని భార్య కామేశ్వరి నాకు తోడికోడలు వరుస. అక్కడ వచ్చినవాళ్లకు ముందు బెల్లం ముక్క, మంచినీళ్లు ఇస్తారు. మా వైపు కాఫీయే. నేను బెల్లం నోట్లో వేసుకుని బరిణె తీశాను. ఆమె నుదురు ముందుకు చాపలేదు.

"అక్కా, ఏమీ అనుకోకు. పెద్దావిడకి పిలుపు అందలేదట కదా. ఆవిడకి కాకుండా నేను బొట్టు ఎలా పెట్టించుకోను?"

"నిన్న నా చేత్తో పెట్టాను" అన్నాను.

"కారులో పెట్టావట. రైలు గేటు కాడ. ఆవిడేం అనలేదు, ఆవిడ కోడలు ఫోను చేసింది. ఇంటి గుమ్మం తొక్కకుండా రోడ్డు మీద పిలిచి పోయారని సందంతా అనుకుంటన్నారంట."

నాకు నోట్లో బెల్లం కరగలేదు. పెళ్లి పిలుపులు నేను యాభై ఏళ్లుగా చేస్తున్నాను. గుమ్మం లేకుండా బొట్టు పెట్టడం ఎవరైనా చేస్తే నేనే తప్పుపట్టేదాన్ని. గడియారం చూసుకున్నాను, గుమ్మం చూసుకోలేదు.

ఉదయం పదకొండూ నలభై. తక్కిన ఇళ్లు వదిలేసి చీపురుపల్లి వైపు తిరిగాం.

రెండు వందల పన్నెండు అడుగులు

ఒంటిగంటకు సందు మొదట్లో దిగాను, నా వెనకే ప్రసాదు. కాలువ బండ దాటాను. సందులో అప్పడాలు ఆరబెట్టుకుంటున్నవాళ్లు మాటలు ఆపి నన్ను చూశారు. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాను.

"రాయే. కూకో" అంది వదిన. ముఖంలో కోపం లేదు. మంచం మీద ప్రయాణానికని సర్దిన సంచి ఉంది.

"వదినా, తప్పయిపోయింది. ఇప్పుడు పిలుస్తున్నాను."

"పిలుద్దువు గాని. ముందు నీళ్లు తాగు."

"ఆ బండి ఇందులోకి రాదు కదా, అందుకని..."

"బండినేటనకు" అంది. "మీ పాత బండి మట్టుకు ఈ సందులోకి ఎప్పుడొచ్చినాది? అప్పుడు దిగి నడిసొచ్చినావు. నిన్న దిగనేదు. వర్జ్యమా, గుడ్డా. నీకు దిగబుద్ధి కానేదు. ఔనా?"

"ఔను వదినా."

"నాకూ కానేదే. అందుకే గేటు కాడ నువ్వు బరిణె తీస్తే వద్దని అననేదు. నా నడుం కూడా ఆ సీటు ఏళ్లకే అప్పజెప్పేసినాను." కాసేపు నవ్వింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి తూర్పుకు తిరిగి నిలబడింది. ఒంటిగంట పద్దెనిమిది నిమిషాలకు బొట్టు పెట్టాను. ఆమె కోడలికీ పెట్టాను. కోడలు బొట్టు పెట్టించుకుని, నా కాళ్లకు దండం పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను సంచి వైపు చూశాను. "ఇప్పుడు బయల్దేరినా మూడున్నరకు ఇంట్లో ఉంటాం వదినా. ఆ బండి అలా పోతుంది."

"పిలుపు ఈ ఇంట్లో ఒగ రాత్రి నిద్ర సెయ్యాల" అంది వదిన. "మీ అత్త నాకు సెప్పిన మాట. నీకు సెప్పింది నేను. నిన్న కారులో పిలిసినావు, ఇంటికి తెలీదు. ఇయ్యాల తెలిసినాది. రేపొస్తాను. బస్సుకొస్తాను, నువ్వు మళ్లీ రాకు."

"మరి మొదటి పోటు?"

ఆమె సంచిలోంచి ఒక చీర తీసి, మడత సరిచేసి, మళ్లీ అందులోనే పెట్టింది. "ఎవురో ఒగరు ఏస్తారు" అంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

తిరుగు దారి

పొద్దు వాలుతోంది. అద్దపు కప్పు మీద కొంగల బారు ఒకటి, బండితో సమానంగా, కదలనట్టే ఎగిరింది. రెక్కల కింద వెలుగు కూడా కనిపించింది. అంత అందాన్ని నేను కూర్చున్న చోటు నుంచి చూడగలనని ఎన్నడూ అనుకోలేదు. ఇది రాస్తున్నప్పుడూ నాకు ఆ సీటు కావాలనే ఉంది. ఆ మాట దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

నాగావళి దాటాక చెప్పాను. "ప్రసాదూ, స్థలం అమ్మను."

"అత్త సంగతికా? అత్తే సెప్పింది కదమ్మా, బండిది తప్పు నేదని."

"లేదు. ఇందులో కూర్చుంటే నాకు దిగబుద్ధి కాదు. ఇంకా ముప్పై నాలుగు ఇళ్లు పిలవాలి. పెళ్లయ్యాక చూడవలసిన ఇళ్లు వేరే ఉన్నాయి. నా వయసుకు దిగడం ఒకసారి మానేస్తే మళ్లీ రాదురా."

వాడు ఎన్నాళ్లుగా ఆశపడ్డాడో నాకు తెలుసు. టోల్‌గేటు దాటాక సింహాచలంతో అన్నాడు, "మెల్లగా పోనీ. అమ్మకి ఆ నడుం పట్టేది ఇంకోసారి పెట్టు."

నాలుగూ ముప్పైకి ఇల్లు చేరాం. ఐదూ పదికి పసుపు కొట్టారు. మొదటి పోటు మా పక్కింటి ముత్తైదువ వేసింది. మంచి మనిషి, చెయ్యి తేలిక. శనివారం వదిన పదకొండు గంటల బస్సుకు వచ్చింది. కొట్టిన పసుపును జల్లెడ పట్టింది, బాగా నలిగిందని మెచ్చుకుంది. ఆదివారం కాంట్రాక్టరు కారు ఆయనకు ఇచ్చి, మా బండి తెచ్చుకున్నాం. విజయనగరంలో మిగిలిన ఏడు ఇళ్లకు మంగళవారం అందులోనే వెళ్లాను. కామేశ్వరి నుదురు చాపింది.

ఈ ప్రయాణంలో పోయినవి:

ఎడమ పక్క అద్దం ఒకటి, పద్నాలుగు వేల ఐదు వందలు, మేమే ఇచ్చాం.

సీటు మీద కుంకుమ మరక, కాంట్రాక్టరు డబ్బు తీసుకోనన్నాడు.

విజయనగరానికి రెండోసారి వెళ్లిన రోజు ఒకటి.

ప్రసాదు ఆశపడిన బండి.

వదిన వేయవలసిన పన్నెండో పెళ్లి మొదటి పోటు.